పెళ్ళికూతురు దిగగానే కదిలిన కారు

గ్యారేజీ పెట్టబోయే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఏ పానాల సెట్టు కొనాలి, ఊళ్ళో పెడితే నడుస్తుందా, రోడ్డు మీద పెడితే నడుస్తుందా అని అడుగుతారు. అడగాల్సినవే, నాకు తెలిసినంత చెబుతాను. కాని బండి ఆగిపోయినప్పుడు ఆ పాపం ఎవరి నెత్తిన పడుతుంది అని మాత్రం ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఆ ప్రశ్నే. అందుకని ఎవరూ అడగకపోయినా రాస్తున్నాను.

నేను బెల్లంపల్లిలో ఖాదర్ ఉస్తాద్ గ్యారేజీలో పనిచేశాను. హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులు. బొగ్గు బావుల ఊరు కాబట్టి లారీలకు కొదవ లేదు. కార్లే తక్కువ, ఉన్నవాటిలోనూ చాలావరకు యుద్ధానికి ముందు పుట్టినవి. వాటి సామాను ఎక్కడా దొరికేది కాదు. ఇంజను అరిగి పొగ కక్కడం మొదలుపెడితే యజమానికి రెండే దారులు. కారును ఇంటి వెనక కోళ్ళకు అప్పజెప్పడం ఒకటి. మిలిటరీ వాళ్ళు అమ్మేసిన జీపు ఇంజను సికింద్రాబాద్ నుంచి తెచ్చి అందులో కూర్చోబెట్టడం రెండోది. ఆ కూర్చోబెట్టే పనిలో మా ఉస్తాద్‌కు చుట్టుపక్కల సాటి లేదు.

ఉస్తాద్ మంచీ చెడూ

ఖాదర్ ఉస్తాద్ పొట్టి మనిషి, తెల్ల గడ్డం, నోట్లో ఎప్పుడూ వక్క. ఇంజను మార్చిన తర్వాత టైమింగు, కార్బురేటరు సరిచేయడం చూడాలంటే ఆయన చేతిలోనే చూడాలి. ఒక చెవి ఇంజను వైపు వంచి, కళ్ళు మూసుకుని, స్క్రూను గోరంత తిప్పేవాడు. చివరికి చాయ్ తెప్పించి, సాసరు నిండా పోసి, నడుస్తున్న ఇంజను తల మీద పెట్టేవాడు. చాయ్ అంచు దాటకపోతే ఆ చాయ్ ఆయనే తాగేవాడు. దాటిందా, ఎవరూ తాగకూడదు, పని మళ్ళీ మొదటికి. అంత చాదస్తం ఉన్న మనిషి దగ్గర పని నేర్చుకోవడం అదృష్టం. ఆ మాట ఇప్పుడంటున్నాను, అప్పుడైతే దెబ్బలు తిన్న మా వీపులు ఒప్పుకునేవి కావు.

ఆయనలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. తన చేతి పనిలో లోపం ఉందంటే చెవిన పడనిచ్చేవాడు కాదు. బండి తిరిగి వస్తే ముందు డ్రైవరు పనికిరానివాడు, తర్వాత పెట్రోలు కల్తీది, ఆ తర్వాత రోడ్డు దరిద్రపుది. ఇంకొకటి, ఆయన పరీక్ష ఎప్పుడూ ఒకటే: మందమర్రి రోడ్డు ఎక్కించి, టోపీ ఒక చేత్తో పట్టుకుని, బండి ఎంత లాగుతుందో అంతా లాగించేవాడు. తిరిగొచ్చి దిగేటప్పుడు పెళ్ళికొడుకులా నవ్వుతూ దిగేవాడు. ఆ బండి రేపు ఎవరిని ఎక్కించుకుని, ఎట్లా నడవబోతుందో ఆలోచించేవాడు కాదు. మేమూ ఆలోచించలేదు, వేగంగా పోతే బండి బాగున్నట్టే అనుకునే వయసు.

అలా ఆయన చేతి మీదుగా వెళ్ళిన కార్లలో పోశెట్టిది ఒకటి. పొడుగు ముక్కున్న అమెరికా కారు. పోశెట్టే యజమాని, పోశెట్టే డ్రైవరు. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ ఊరేగింపు కారు అదే. జన్మలో కారెక్కని వాళ్ళు కూడా పెళ్ళినాడు దాన్లో కూర్చునేవాళ్ళు. దాని పాత ఇంజను చచ్చిపోతే ఉస్తాద్ జీపు ఇంజను పెట్టాడు. సాసరు చాయ్ ఒలకలేదు, మందమర్రి రోడ్డు మీద టోపీ ఎగిరిపోయింది. పోశెట్టి సంతోషంగా తోలుకుపోయాడు.

ఓదెలు చెల్లెలు

ఎండలు ముదిరాక ఒకనాడు ఓదెలు గ్యారేజీకి వచ్చాడు. ఓదెలు బావిలో బొగ్గు కొట్టే మనిషి, మా వీధివాడే. అతని చెల్లెలు రాజవ్వను చెన్నూరు ఇచ్చి పెళ్ళి చేసి ఎక్కువ రోజులు కాలేదు. వచ్చి ఉస్తాద్ ముందు నిలబడ్డాడు. నేనే కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.

"ఉస్తాద్, మా రాజవ్వను అత్తోళ్ళు తీస్కపోతలేరు," అన్నాడు. "పెండ్లయినంక మూడొద్దులకు మా ఇంటికి తోలుకొచ్చి ఇడిసిన్రు. మళ్ళొస్తమన్నరు, రాలే. అడగవోతె రాజవ్వ అత్త మల్లవ్వ, 'నీ చెల్లె పాదం మంచిది గాదు, ఉన్నదొక్క కొడుకు, వానికేమయితదో అని నాకు బుగులయితుంది' అన్నది."

"గదానికి గ్యారేజీకి ఎందుకొచ్చినవ్?" అన్నాడు ఉస్తాద్.

"పెండ్లికొచ్చిన పోశెట్టి బండికి ఇంజను పెట్టింది నువ్వే గద ఉస్తాద్."

అప్పుడు చెప్పాడు. పొద్దు గూకక ముందే ఇంట్లో కాలు పెట్టాలని చెన్నూరులో ఊరేగింపు ఎండలోనే తీశారట. బజారు మధ్యకు వచ్చేసరికి కారు ఆగిపోయింది. పోశెట్టి బానెట్ లేపి ఎంత తిప్పినా కదల్లేదు. ఎవరో పెద్దమనిషి, "పిల్లను దింపి సూడుండ్రి," అన్నాడు. రాజవ్వ ఒక్కతే దిగి, నెత్తిన ముసుగుతో, ఊరంతా చూస్తుండగా ఇంటిదాకా నడిచింది. ఆమె నాలుగిళ్ళు దాటిందో లేదో కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"మల్లవ్వ కండ్లార జూసింది," అన్నాడు ఓదెలు. "పిల్ల దిగింది, బండి కదిలింది. గిప్పుడు నేనేమనాలె? రాజవ్వ అన్నం ముడుతలేదు. అవ్వ ఏడుస్తది, బాపు బజార్ల మొఖం జూపుతలేడు."

ఉస్తాద్ వక్క ఉమ్మేశాడు. "నా ఇంజన్ల ఐబ్ లేదు," అన్నాడు. ఇంజనులో లోపం లేదంటే ఐబు పిల్లలో ఉన్నట్టేనని ఆయనకు తట్టలేదు. ఓదెలుకు తట్టింది. నీళ్ళ గ్లాసు కింద పెట్టి లేచాడు.

బండిని కాదు, జరిగినదాన్ని అడగాలి

పోశెట్టి కారు రప్పించాం. పాయింట్లు చూశాం, ప్లగ్గులు చూశాం, కార్బురేటరు విప్పి కడిగాం. అంతా అద్దంలా ఉంది. మందమర్రి రోడ్డు మీద ఎప్పటిలాగే ఎగిరింది. "చూసినవా?" అన్నాడు ఉస్తాద్, గెలిచినవాడిలా. ఆయన గెలిస్తే ఓడిపోయేది ఓదెలు చెల్లెలని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఇక్కడ చిన్నవాళ్ళకు ఒక మాట. బండి తెచ్చినవాడు రోగం పేరు చెబితే వినకండి. కళ్ళతో చూసింది చెబితే మాత్రం ఒక్క ముక్క వదలకండి. మల్లవ్వ అబద్ధమాడలేదు. పిల్ల దిగింది, బండి కదిలింది, రెండూ నిజం. వాటి మధ్య ఆమె వేసిన ముడి ఒక్కటే తప్పు. ఆ ముడి విప్పాలంటే ఇంజను విప్పి లాభం లేదని నాకనిపించింది. ఓదెలును మళ్ళీ కూర్చోబెట్టి, ఊరేగింపు మొదలైన దగ్గర్నుంచి ఎట్లా జరిగిందో చెప్పమన్నాను.

"ఎట్లంటె ఏం జెప్పాలె నర్సన్నా? ముంగట డప్పులు, బాజా. ఇంటింటికాడ ఆగుడు, ఆడుడు. సంటిపిల్లలు నయం, బండి కంటె జల్ది నడిచిన్రు."

"బండికేం కట్టిన్రు?"

"ముక్కు కనిపియ్యకుంట బంతిపూల దండలు, మామిడాకులు. మీద ఎర్ర చీర."

నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన చూడనట్టు పక్కకు తిరిగాడు.

"ఉస్తాద్, మనం గూడ ఒక ఊరేగింపు తీద్దాం," అన్నాను.

మొదట తిట్టాడు. తర్వాత నవ్వాడు. తర్వాత, లోపం లేదని నిరూపించడానికైనా తీద్దామని ఒప్పుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చాక కారుకు దండలు కట్టి, చీర కప్పి, డప్పులవాళ్ళను పిలిచాం. లోపల ఎవరో ఒకరు కూర్చోవాలి గదా, "నా బండి, నేనే కూసుంట," అని ఉస్తాదే వెనక సీట్లో ఎక్కాడు. పోశెట్టి తోలుతుంటే మేము పక్కన నడిచాం. బెల్లంపల్లి బజారంతా పని మానేసి బయటికొచ్చింది.

"ఉస్తాద్, ముబారక్! పెండ్లిపిల్ల ఏది?" అని చాయ్ హోటల్లోంచి ఎవరో అరిచారు.

"బానెట్ కింద ఉన్నది. జర సిగ్గువడుతున్నది," అన్నాడు ఉస్తాద్ గడ్డం సర్దుకుంటూ.

కూరగాయల అంగళ్ళు దాటలేదు. పెండ్లిపిల్లకు దగ్గొచ్చింది. రెండుసార్లు ఎగిసింది, ఆగిపోయింది.

బజారు గొల్లున నవ్వింది. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. గబగబా దిగి, దండలు తెంపి బానెట్ లేపాడు. జీపు పెట్రోలు పంపుకు ఒక చిన్న గాజు గిన్నె ఉంటుంది, పెట్రోలు దాన్లోంచి పోతుంది. ఆ గిన్నెలో పెట్రోలు పొయ్యి మీది ఎసరులా మసులుతోంది. పంపు లాగుతున్నది పెట్రోలు కాదు, ఆవిరి.

దాని కారణం కళ్ళ ముందే ఉంది. పాత ఇంజను పొడుగైనది, దాని ఫ్యాను రేడియేటరును ఆనుకుని తిరిగేది. జీపు ఇంజను పొట్టిది, ఫ్యాను జానెడు వెనక్కి పోయింది. రోడ్డు మీద ఉరికేటప్పుడు గాలే ఫ్యాను పని చేసిపెట్టేది. నడక వేగంలో, ముక్కుకు పూలు కప్పితే గాలెక్కడిది? దానికి తోడు, పాత ఇంజను పొగగొట్టం కుడివైపు ఉండేది, దీనిది ఎడమవైపు. పెట్రోలు పైపు మొదటినుంచీ ఎడమవైపే ఉంది. ఇంజను మార్చినప్పుడు అన్నీ మార్చి, బాగానే ఉంది కదా అని దాన్ని అక్కడే వదిలేశాం. ఇప్పుడది కాలే గొట్టానికి రాసుకుంటూ పోతోంది. ఇంజను మార్చిన బండిలో అందరూ కొత్తగా పెట్టినదాన్ని అనుమానిస్తారు. మీరు ముందు మార్చకుండా వదిలేసినదాన్ని చూడండి.

బానెట్ తెరిచి కాసేపు గాలి తగిలితే చాలు, పెట్రోలు చల్లబడి బండి దానంతటదే కదులుతుంది. చెన్నూరులో ఆ కాసేపట్లోనే రాజవ్వ నడిచింది. పంపు మీద తడిగుడ్డ వేసి సెల్ఫ్ కొట్టాను, స్టార్టయింది. ఓదెలు రోడ్డు మీదే కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

బాగు చేయవద్దన్న రోజు

ఉస్తాద్ చాలాసేపు ఆ పైపును చూశాడు. "నేనే ఇడిసిపెట్టిన," అన్నాడు, ఎవరితోనూ కాదు. పానా అందుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, అదే చివర.

"బాగు చేయకు ఉస్తాద్."

"దిమాక్ ఖరాబైందా?"

"బాగు చేసి తోలుకపోతె మల్లవ్వ ఏమంటది? గిప్పుడు పిల్ల లేదు గదా, అందుకె నడుస్తుందంటది. చెడిపోయిన బండే కావాలె మనకు."

ఓదెలుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పోశెట్టికి వెంటనే అర్థమైంది, అర్థమై అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా బండి చెడ్డదని ఊరూర చాటుతరా? గీ ఎండకాలం పెండ్లిళ్ళు నాకెవడిస్తడు?"

ఉస్తాద్ పానా కింద పెట్టాడు. "పోశెట్టీ, బండికి పేరు చెడితె నేను బాగు చేస్త. గా పిల్లకు చెడితె ఏ పానా తోని తిప్పుదాం?"

అన్నేళ్ళు తిట్లు తిన్నందుకు ఆ ఒక్క మాటతో నాకు లెక్క సరిపోయింది.

మర్నాడు చెన్నూరు పోయాం. బండికి రోగం నయం కాకుండా కాపాడుకుంటూ పోవడం నా జన్మలో అదొక్కసారే. మల్లవ్వ వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది. కొడుకు సమ్మయ్య గోడకానుకుని నిలబడ్డాడు. పాపం, పెళ్ళయినప్పటినుంచీ నోరు తెరిచినట్టు లేడు.

"అక్కా, నా బండిల ఐబ్ ఉన్నది. చూపెడదామని వచ్చిన," అన్నాడు ఉస్తాద్.

"ఐబ్ యాడున్నదో నా కండ్లతోని జూసిన," అంది ఆమె తల ఎత్తకుండా.

"అయితె నువ్వే కూసో. గీ ఇంటి లక్ష్మివి, నీ పాదంల ఏ వంక లేదు గద. నువ్వు కూసున్నంక గూడ ఆగితె అప్పుడు జెప్పు."

వద్దంటే తన పాదాన్ని తనే అనుమానించినట్టు. చుట్టుపక్కల ఆడవాళ్ళు అప్పటికే గుమ్మాల్లో నిలబడ్డారు. మల్లవ్వ కొంగు బిగించి కారెక్కింది. అవే దండలు, అదే చీర, పెళ్ళినాడు కొట్టిన డప్పులవాళ్ళే. ఊరేగింపు కదిలింది.

బజారు చివరిదాకా పోయాం, బండి ఆగలేదు. ఉస్తాద్ నుదుటి మీద చెమట. ఆయన పెదవులు కదులుతున్నాయి, వింటే, "ఆగవే తల్లీ, జర ఆగు," అంటున్నాడు. బండి ఆగాలని దువా చేసిన మెకానిక్ ఇంకొకడు ఉండడు. మల్లవ్వ లోపలి నుంచి, "ఏది? యాడ ఆగింది?" అంటోంది. ఓదెలు ముఖం బూడిద రంగుకు తిరిగింది.

అప్పుడు గమనించాను. పోశెట్టి డప్పులు జరిగినప్పుడల్లా సందు చూసుకుని బండిని పది గజాలు ఉరికిస్తున్నాడు, గాలి తగలాలని. పరువు మీద ఆశ ఎవరికి ఉండదు? నేను డప్పులవాళ్ళ దగ్గరికి పోయి, బానెట్‌కు చెయ్యి తగిలేంత దగ్గర నిలబడి ఆడమన్నాను. ఆడారు. సమ్మయ్య కూడా వాళ్ళ పక్కకు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. పోశెట్టి హారన్ కొట్టాడు, తర్వాత నన్ను చూసి తల దించుకున్నాడు.

వెనక్కి తిరిగొచ్చి సరిగ్గా మల్లవ్వ ఇంటి మలుపు చేరేసరికి ఇంజను దగ్గింది, ఆగింది. పోశెట్టి సెల్ఫ్ కొడితే మూలిగింది తప్ప అందుకోలేదు. డప్పులు ఆగిపోయాయి. ఉస్తాద్ రెండు చేతులూ పైకెత్తి ఆకాశానికి దండం పెట్టాడు.

గుమ్మంలో ఉన్న ఒక ముసలామె నవ్వుతూ, "మల్లవ్వా, నువ్వు దిగవే, బండి కదులుతదేమో!" అంది. అందరూ నవ్వారు. సరదాకే అన్నది. కాని కారు కిటికీలో మల్లవ్వ ముఖం చూశాను నేను. ఊరంతా చూస్తుండగా దిగి నడవమంటే ఎట్లుంటుందో ఆ క్షణం ఆమెకు తెలిసింది. చెయ్యి తలుపు మీద పడింది.

"దిగకు అక్కా," అన్నాడు ఉస్తాద్ గట్టిగా. "ఎవరూ దిగనక్కర లేదు. ఆనాడు గూడ ఎవరూ దిగనక్కర లేకుండె."

బానెట్ ఎత్తి, మసిలే గిన్నెను అందరికీ చూపించాడు. తడిగుడ్డ వేశాడు. కాసేపటికి కారు స్టార్టయింది, మల్లవ్వ లోపల ఉండగానే. అప్పుడు ఆయన వీధిలో అందరికీ వినబడేట్టు, "గీ పైపు మార్చాల్సింది నేను. మార్చలే. తప్పు నాది, పిల్లది గాదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు.

"కొత్తపిల్లను, నట్టనడి బజార్ల నడిపిచ్చిన," అంది మల్లవ్వ. కళ్ళు తుడుచుకుని, "బండి తిప్పుండ్రి. నేను దిగ. గిట్లనే బెల్లంపల్లి పోదాం, నా కోడలు కాడికి," అంది. సమ్మయ్య అప్పటికే ముందు సీట్లో కూర్చున్నాడు.

బెల్లంపల్లి చేరాక ఉస్తాద్ ఓదెలు ఇంటి ముందే కారు కింద వెల్లకిలా పడుకుని పెట్రోలు పైపును అవతలి వైపుకు తిప్పాడు. పంపుకూ పొగగొట్టానికీ మధ్య రేకు బిగించాడు. నన్ను ముట్టనివ్వలేదు. అత్తాకోడళ్ళు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చేసరికి ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. వాడిపోయిన దండలు ఇంకా కారు మీదే ఉన్నాయి, డప్పులవాళ్ళు లేకపోయినా వీధి పిల్లలు డబ్బాలు కొడుతున్నారు.

రాజవ్వ కారు తలుపు దాకా వచ్చి ఆగింది. ఎక్కలేదు.

"గీసారి ఆగితె ఎవర్ని దింపుతరు?" అంది, నెమ్మదిగానే.

అప్పటికే లోపల కూర్చున్న మల్లవ్వ జరిగి చోటిచ్చి, సీటు మీద చెయ్యి వేసి తట్టింది. "ఎవ్వర్ని దింపం బిడ్డా. ఆగితె మనిద్దరం గిట్లనే కూసుందాం. గీ ఉస్తాదే నూకుతడు."

రాజవ్వ ఎక్కింది. ఉస్తాద్ నిజంగానే కారు వెనక్కి వెళ్ళి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాడు. కారు దానంతటదే కదిలింది. అయినా బజారు చివరిదాకా ఆయన చేతులు తీయలేదు.